పిల్లల కనురెప్ప మీద కురుపు, గడ్డ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయికి రెండేళ్ల వయసులో మొదటిసారి కంటికురుపు వచ్చింది. అది తగ్గింది అనుకునేలోపే అదే రెప్పలో బఠానీ గింజంత గడ్డ మిగిలిపోయి ఐదు నెలలు కదలకుండా కూర్చుంది. ఆ ఐదు నెలల్లో నేను డాక్టర్లను అడిగిన ప్రశ్నలనే ఇప్పుడు చిన్నపిల్లలున్న అమ్మానాన్నలు నన్ను అడుగుతున్నారు, దాదాపు అవే మాటల్లో, అదే టెన్షన్‌తో. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, మీ పిల్లను చూసిన డాక్టర్ చెప్పిందే చివరి మాట. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: జ్వరంతో పాటు కన్ను మూసుకుపోయేంత వాపు ఉన్నా, కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపించినా, చూపు తగ్గినా ఇది చదువుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

## మొదటి ఒకట్రెండు రోజులు

పొద్దున లేచేసరికి పాప కనురెప్ప ఎర్రగా ఉబ్బి ఉంది, ఇది కంటికురుపేనా?

మొదటి రోజు చెప్పడం కష్టం. కనురెప్ప చర్మం చాలా పల్చన, కింద వదులుగా ఉంటుంది, అందుకే కురుపు ఆవగింజంతే ఉన్నా రెప్ప మొత్తం ఉబ్బిపోయి మనల్ని భయపెడుతుంది. రెండో రోజుకో మూడో రోజుకో వాపు ఒకచోటికి చేరుతుంది. వెంట్రుకల మొదట్లో చిన్న ఎర్రటి బొడిపె, అక్కడ వేలు పెడితే పిల్ల ఉలిక్కిపడటం, మధ్యలో పసుపుపచ్చని మొన, ఇవి ఉంటే దాదాపు కంటికురుపే. పురుగు కుడితే వాపు ఒక్క రాత్రిలోనే బాగా పెరుగుతుంది కానీ నొప్పి కంటే దురద ఎక్కువ. అలర్జీ అయితే ఎక్కువగా రెండు కళ్లకూ వస్తుంది, కళ్లు నీళ్లు కారుతూ పిల్లలు నులుముతూనే ఉంటారు. కళ్లకలకలో ఎర్రబడేది తెల్లగుడ్డు, కంటికురుపులో రెప్ప.

డాక్టర్ ఒకసారి కంటికురుపు అన్నారు, ఇంకోసారి కలేజియన్ అన్నారు. రెండూ ఒకటేనా?

రెండూ రెప్పలోని నూనె గ్రంథుల గొడవే, కానీ కథ వేరు. పై రెప్పలో సుమారు 30 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 సన్నటి గ్రంథులు నిలువుగా బారులు తీరి ఉంటాయి. అవి వదిలే నూనె కన్నీటి మీద పల్చటి పొరలా పరుచుకుని కన్ను ఎండిపోకుండా కాపాడుతుంది. వీటిలో ఒకదానిలోనో, వెంట్రుక మొదట్లో ఉండే ఇంకా చిన్న గ్రంథిలోనో బాక్టీరియా చేరి చీము పడితే అది కంటికురుపు, ఎర్రగా ఉంటుంది, నొప్పి పెడుతుంది. కలేజియన్‌లో ఇన్ఫెక్షన్ ఉండదు. గ్రంథి నోరు మూసుకుపోయి లోపలి నూనె గట్టిపడి పక్కన కండలోకి ఊరుతుంది, శరీరం దాని చుట్టూ గోడ కట్టినట్టు ఒక గడ్డ తయారుచేస్తుంది. గట్టిగా, గుండ్రంగా, అంచుకు కాస్త దూరంగా ఉంటుంది, ముట్టుకున్నా నొప్పి ఉండదు. లోపలి వైపు వచ్చిన కంటికురుపు చల్లారాక కలేజియన్‌గా మిగిలిపోవడం మామూలే, కాబట్టి మీ డాక్టర్ రెండు పేర్లు చెప్పినా ఆయన తడబడినట్టు కాదు, అది ఒక దశ నుంచి ఇంకో దశకు మారింది.

మేం శుభ్రంగా ఉంచకపోవడం వల్లే వచ్చిందా?

కాదు. ఈ ప్రశ్న అడిగే ప్రతి అమ్మ గొంతులోనూ నేరం చేసినట్టు ఒక వణుకు వినిపిస్తుంది, దయచేసి ఆ బరువు దించేసుకోండి. చాలాసార్లు దీనికి కారణమయ్యే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఎంతోమంది ఆరోగ్యవంతుల ముక్కులో, చర్మం మీద ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. పిల్లలు ముక్కులో పెట్టిన వేలితోనే కన్ను నులుముతారు, నూనె గ్రంథి అప్పటికే కొంచెం మూసుకుని ఉంటే అంతే, మొదలవుతుంది. రోజుకు రెండుసార్లు స్నానం చేసే పిల్లలకూ వస్తుంది.

తమ్ముడికి అంటుకుంటుందా? స్కూల్‌కి పంపొచ్చా?

పంపొచ్చు. ఇది కళ్లకలకలా ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బు కాదు. చీము కారుతున్న రోజుల్లో మాత్రం ఆ చీములో బాక్టీరియా ఉంటుంది కాబట్టి తువ్వాలు, దిండు గలీబు వేరుగా ఉంచి, కన్ను ముట్టుకున్న ప్రతిసారీ మీ చేతులూ పిల్లల చేతులూ సబ్బుతో కడగండి. కలేజియన్ అసలు అంటుకునే ప్రశ్నే లేదు.

బాబుకి ఇంకా రెండు నెలలే, కన్ను పక్కన ఉబ్బింది. ఇంట్లో కాపడం పెట్టి చూడనా?

వద్దు, అదే రోజు డాక్టర్‌కు చూపించండి. అంత చిన్నపిల్లల్లో కంటికురుపు అరుదు. ముక్కు పక్కన, కంటి లోపలి మూలలో నీలంగానో ఎర్రగానో ఉబ్బితే అది కన్నీటి సంచి సమస్య కావచ్చు, అది ఇన్ఫెక్షన్ అయితే నెలల పిల్లల్లో త్వరగా ముదురుతుంది. జ్వరం కూడా ఉంటే గంటలు లెక్కపెట్టకుండా వెళ్లండి.

మా పాపకు గడ్డ రెప్ప అంచున కాదు, కనుబొమ చివర ఉంది. ఇదీ కలేజియనేనా?

బహుశా కాదు. కలేజియన్ రెప్పలోపలే ఉంటుంది, ఎందుకంటే ఆ నూనె గ్రంథులు ఉండేది అక్కడే. కనుబొమ బయటి చివర పుట్టినప్పటి నుంచో, కొన్ని నెలల వయసు నుంచో నున్నగా, గట్టిగా ఉన్న గడ్డ డెర్మాయిడ్ తిత్తి కావచ్చు. రెప్ప మీద ముత్యంలా మెరుస్తూ మధ్యలో చిన్న గుంట ఉన్న బొడిపెలు వైరస్ వల్ల వచ్చే మొలస్కమ్ కావచ్చు. పుట్టిన కొన్ని వారాల్లో కనబడి తర్వాత వేగంగా పెరిగే ఎర్రటి మెత్తటి మచ్చ అయితే అది రక్తనాళాల గడ్డ, రెప్ప మీద ఉంటే చూపుకు అడ్డం రావచ్చు కాబట్టి తొందరగా చూపించాలి. గుంపుగా సన్నటి నీటి పొక్కులు లేస్తే హెర్పిస్ అనే వైరస్ కావచ్చు, అదీ ఆలస్యం చేయకూడనిదే. వీటిలో దేనికీ కాపడంతో పని జరగదు.

## కాపడం పెట్టే రోజులు

కాపడం సరిగ్గా ఎలా పెట్టాలి? ఎంత వేడి ఉండాలి?

మొత్తం వైద్యంలో ముప్పాతిక భాగం ఇదే, మనలో ఎక్కువమంది సగం సగం చేసి వదిలేసేదీ ఇదే. శుభ్రమైన మెత్తటి కాటన్ గుడ్డను గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడి ఉన్న నీళ్లలో ముంచి, బాగా పిండి, ముందు మీ మణికట్టు లోపలి వైపు పది సెకన్లు ఆనించి చూడండి. హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. మన చేతివేళ్లు వేడికి అలవాటుపడి ఉంటాయి, వాటితో పరీక్షిస్తే మోసపోతాం. అప్పుడు మూసిన కన్ను మీద మెల్లగా ఆనించి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. అసలు కిటుకు ఏమిటంటే తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది, కాబట్టి పక్కన ఫ్లాస్కులో వెచ్చటి నీళ్లు పెట్టుకుని గుడ్డను మళ్లీ మళ్లీ ముంచుతూ ఉండాలి. చల్లటి గుడ్డను పది నిమిషాలు పట్టుకున్నా లాభం లేదు. వేడి లోపలికి దిగితేనే గ్రంథిలో గట్టిపడ్డ నూనె కరిగి, మూసుకున్న దారి తెరుచుకుంటుంది. ప్రతిసారీ శుభ్రమైన గుడ్డే వాడండి, ఒక కంటికి వాడింది రెండో కంటికి వద్దు.

పిల్ల అస్సలు పెట్టనివ్వట్లేదు, కన్ను దగ్గరికి చేయి వెళ్తే చాలు ఏడుపు. ఏం చేయాలి?

ఇద్దరు పట్టుకుని బలవంతంగా పెట్టకండి, మేం రెండు రోజులు అదే పని చేసి, మూడో రోజుకి వాడు తువ్వాలు చూస్తేనే మంచం కిందకి దూరే పరిస్థితి తెచ్చుకున్నాం. చివరికి పనిచేసింది నిద్ర. నిద్రపట్టిన పది పదిహేను నిమిషాలకు, ఒంట్లో బిగువు వదిలాక పెడితే చాలామంది పిల్లలు కదలరు కూడా, పగటి నిద్రలో ఒకటి, రాత్రి ఒకటి అలా తేలిగ్గా అయిపోతాయి. పాలు తాగే పిల్లలైతే ఒళ్లో పడుకుని తాగుతున్నప్పుడు మంచి సమయం. కాస్త పెద్దపిల్లలకు, అంటే మూడు నాలుగేళ్లు దాటినవాళ్లకు, గుడ్డను వాళ్ల చేతికే ఇవ్వండి, ముందు బొమ్మ కంటికి పెట్టమనండి, తర్వాత వాళ్ల కంటికి, మీరు కథ చెబుతూ ఉండండి, కథ కన్ను మూసుకుంటేనే ముందుకు సాగుతుందని నియమం పెట్టుకోండి. పది నిమిషాలు కుదరకపోతే మూడు నిమిషాలే పెట్టండి, రోజులో ఇంకొన్నిసార్లు ఎక్కువ పెడదాం. ఏడిపించి పెట్టిన ఒక్క పది నిమిషాల కంటే నవ్వుతూ నాలుగుసార్లు మూడేసి నిమిషాలు పెట్టించుకోవడం మేలు, ఎందుకంటే ఇది రెండు మూడు వారాలు సాగాల్సిన పని.

మైక్రోవేవ్‌లో గుడ్డ వేడి చేసి పెట్టొచ్చా?

పిల్లలకు వద్దు. మైక్రోవేవ్‌లో గుడ్డ అంతా ఒకేలా వేడెక్కదు, పైన వెచ్చగా అనిపించినా మడతలో ఒకచోట కాలిపోయేంత వేడి దాక్కుని ఉంటుంది. పిల్లల రెప్ప చర్మం ఇట్టే బొబ్బలెక్కుతుంది. వేడి నీళ్ల ఆవిరి పట్టించడం కూడా చిన్నపిల్లల విషయంలో ప్రమాదమే.

చీము మొన బాగా కనిపిస్తోంది, మెల్లగా నొక్కేస్తే పోతుంది కదా?

నొక్కకండి, సూదితో గుచ్చకండి, అక్కడి వెంట్రుక పీకకండి. బయటికి కనిపించే మొన చిన్నది, నొక్కినప్పుడు చీము బయటికే వస్తుందన్న హామీ లేదు, లోపలి మెత్తటి కండలోకి పాకి రెప్ప మొత్తం ఇన్ఫెక్షన్ కావచ్చు. కాపడం పెడుతూ ఉంటే అది తనంతట తనే పగులుతుంది. ఒక్కోసారి డాక్టర్ ఆ వెంట్రుకను తీసి చీముకు దారి ఇస్తారు, కానీ అది వాళ్లు చేయాల్సిన పని.

రాత్రి అదే పగిలి చీము, కొంచెం రక్తం కారింది. భయమేస్తోంది

భయం వద్దు, నిజానికి మనం ఎదురుచూసేది దీని కోసమే. చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో కంటి లోపలి మూల నుంచి బయటి మూలకు ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి, అవసరమైతే మళ్లీ కొత్త దూది. చీము కారగానే నొప్పి చటుక్కున తగ్గుతుంది, పిల్ల మొహంలోనే తెలిసిపోతుంది. ఇంకో రెండు రోజులు కాపడం కొనసాగిస్తే మిగిలింది కూడా పోతుంది. చీము కారాక కూడా ఎర్రదనం తగ్గకుండా పెరుగుతూ ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

చనుబాలు వేస్తే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

కంటికురుపు రెప్ప లోపల మూసుకున్న గ్రంథిలో ఉంటుంది, కంట్లో వేసిన చుక్క అక్కడికి చేరదు. చనుబాలు బిడ్డ కడుపుకి ఎంత మంచివైనా కంటికురుపుకు మందు కావు. ఇంట్లో దొరికే ఏ రసాలూ, పొడులూ, నూనెలూ కూడా కంట్లో వేయకండి, నల్లగుడ్డు మీది పొర గీసుకుపోతే చిన్న కురుపు కాస్తా పెద్ద సమస్య అవుతుంది. వెచ్చటి నీళ్లు, శుభ్రమైన గుడ్డ, ఈ రెండూ చాలు.

నొప్పికి ఏమైనా ఇవ్వొచ్చా?

పారాసెటమాల్ సిరప్ ఇవ్వొచ్చు. పిల్లల బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక్కో మోతాదు, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, 24 గంటల్లో నాలుగు మోతాదులు దాటించకండి. సిరప్ బలం సీసాకో రకంగా ఉంటుంది, పాత సీసాలో ఐదు మిల్లీలీటర్లు ఇచ్చాం కదా అని కొత్త సీసాలోంచి కూడా అంతే పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు, కాబట్టి లేబుల్ మీద ఐదు మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో చదివి లెక్క వేయండి. మూడు నెలల లోపు పిల్లలకు డాక్టర్ని అడగకుండా ఏమీ ఇవ్వొద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకూడదు, రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బుకు అది దారి తీయొచ్చు.

ఎన్ని రోజుల్లో తగ్గాలి?

కంటికురుపు సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో మొన తేలి, వారం నుంచి రెండు వారాల్లో పోతుంది. కలేజియన్ లెక్క వారాల్లో కాదు నెలల్లో ఉంటుంది. పొద్దున్నా సాయంత్రం చూసుకుంటే తేడా తెలియదు, వారానికి ఒకసారి ఒకే వెలుతురులో ఫోటో తీసి పోల్చండి. మాకు నెల దాటాక ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ అది చిన్నదవుతోందని నమ్మకం కలగలేదు.

## మందుల సంగతి

యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే తొందరగా తగ్గిపోతుంది కదా?

మామూలు కంటికురుపుకు చాలాసార్లు అవసరం పడదు. చుక్కలు కంటి పైపైన కడుగుతాయి గానీ మూసుకున్న గ్రంథిలోకి వెళ్లి చీమును బయటికి తేలేవు. కురుపు పగిలి కారుతున్నప్పుడో, రెప్ప అంచులు కూడా ఎర్రబడి పుసి కడుతున్నప్పుడో, చుట్టుపక్కలకు పాకకుండా డాక్టర్ ఆయింట్‌మెంట్ రాస్తారు. రెప్ప మొత్తానికి ఇన్ఫెక్షన్ పాకితే నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి, అప్పుడు దాన్ని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులూ వాడాలి. నొప్పి లేని కలేజియన్‌లో ఇన్ఫెక్షనే లేదు కాబట్టి అక్కడ యాంటీబయాటిక్‌తో గడ్డ కరగదు.

పోయినసారి రాసిన చుక్కలు ఇంట్లో ఉన్నాయి, అవే వేయొచ్చా?

వేయకండి. మొదటిసారి మా అబ్బాయికి మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలు నేను మూడు రోజులు వేశాను, ఎర్రదనం వెంటనే తగ్గింది, సంతోషించాను కూడా. తర్వాత కంటి డాక్టర్ సీసా చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, ఎవరు రాశారు అని అడిగారు. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని అణిచి జబ్బు తగ్గినట్టు చూపిస్తుంది. ఎక్కువ రోజులు వాడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు, హెర్పిస్ వైరస్ ఉంటే అది నల్లగుడ్డులోకి పాకొచ్చు. పేరులో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్, లోటెప్రెడ్నాల్ లాంటివి కనిపిస్తే అవి స్టెరాయిడ్లు, డాక్టర్ చూడకుండా పిల్లల కంట్లో పడకూడదు. ఇంకో మాట, తెరిచిన చుక్కల సీసాను మామూలుగా నాలుగు వారాల తర్వాత పారేయాలి. ఎక్స్‌పైరీ తేదీ ఇంకా ఏడాది ఉన్నా సరే.

ఆయింట్‌మెంట్ రాశారు, కదిలే పిల్ల కంటికి ఎలా పెట్టాలి?

చేతులు కడుక్కుని, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, కింది రెప్పను వేలితో మెల్లగా కిందకు లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది, అందులో బియ్యపుగింజంత గీతలా పెట్టండి. ట్యూబు మొన కంటికి గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. కన్ను తెరవనివ్వకపోతే మూసిన రెప్ప లోపలి మూలలో పెట్టి ఆగండి, తెరిచినప్పుడు కొంత లోపలికి జారుతుంది. కాసేపు చూపు మసకగా ఉంటుంది కాబట్టి నిద్రకు ముందు పెట్టడం హాయి.

## ఆగకూడని సందర్భాలు

ఎలాంటివి కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి?

కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండటం, కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి లేదా తిప్పలేకపోవడం, చూపు మసకబారడం లేదా ఒకటి రెండుగా కనిపించడం, కన్ను తెరవలేనంత వాపుతో పాటు జ్వరం, ఎర్రదనం బుగ్గకూ నుదుటికీ పాకడం, పిల్ల మగతగా ఉండటం, తలనొప్పితో వాంతులు. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు, మిగతావాటి కోసం చూడొద్దు. ఇన్ఫెక్షన్ రెప్ప వెనకాల కంటి గూడులోకి వెళ్లినప్పుడు ఇలా ఉంటుంది, చూపుకే ప్రమాదం, మెదడు వైపు కూడా పాకొచ్చు, ఆసుపత్రిలో చేర్చుకుని రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. చిన్నపిల్లలు చూపు తగ్గిందని చెప్పలేరు, కాబట్టి వాచిన రెప్పను మెల్లగా పైకెత్తి కనుగుడ్డు తెల్లగా, మామూలుగా కదులుతోందో లేదో మీరే చూడండి. రెప్ప ఎత్తలేనంత వాచి ఉంటే అదే వెళ్లడానికి తగిన కారణం.

ఎమర్జెన్సీ కాదు గానీ, డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?

రెండు మూడు రోజులు సరిగ్గా కాపడం పెట్టినా నొప్పి, ఎర్రదనం పెరుగుతూ ఉంటే. రెండు వారాలైనా కురుపు పోకపోతే. గడ్డ నెలకు పైగా ఉండిపోతే, లేదా పై రెప్పను కిందకు లాగేస్తూ కంటిపాపకు అడ్డొస్తుంటే. వెలుతురు చూడలేక కళ్లు చికిలిస్తుంటే, ఒకే ఏడాదిలో మళ్లీ మళ్లీ వస్తుంటే. మొదట పిల్లల డాక్టర్ చాలు, గడ్డ ఉండిపోయినా చూపు గురించి సందేహం ఉన్నా కంటి డాక్టర్.

## నొప్పి పోయి గడ్డ మిగిలినప్పుడు

నొప్పి లేదు, ఎర్రదనం లేదు, కానీ గడ్డ అలాగే ఉంది. ఏదైనా చేయాలా?

ఓపికగా అదే కాపడం, దానికి తోడు మర్దన. కాపడం అయిన వెంటనే, రెప్ప ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, శుభ్రమైన వేలి మెత్తతో గడ్డ మీది నుంచి వెంట్రుకల వైపు నిమరాలి, అంటే పై రెప్ప అయితే కిందకు, కింది రెప్ప అయితే పైకి. ఒక నిమిషం చాలు, వెన్న రాసినంత తేలిగ్గా, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకుండా. ఈ మర్దన నొప్పి లేని గడ్డకే, చీముతో ఎర్రగా ఉన్న కురుపుకు కాదు. పిల్లల్లో చాలా కలేజియన్లు కొన్ని వారాల నుంచి ఆరు నెలల్లోపు వాటంతటవే పోతాయి. ఇక్కడే అందరం మోసపోతాం, పది రోజులు శ్రద్ధగా చేసి, ఫలితం కనబడక వదిలేసి, నెల తర్వాత ఏమీ పనిచేయలేదంటాం. రోజుకు రెండుసార్లు అయినా సరే, మానకుండా చేసినవాళ్లకే తేడా తెలుస్తుంది.

గడ్డ వల్ల చూపు పాడవుతుందా?

చిన్న గడ్డ వల్ల ఏమీ కాదు. పై రెప్ప మధ్యలో పెద్ద గడ్డ ఉంటే మాత్రం అది నల్లగుడ్డును నొక్కి దాని వంపు మార్చేస్తుంది, దాంతో ఆస్టిగ్మాటిజం వచ్చి ఆ కంట్లో బొమ్మ మసకబారుతుంది. పెద్దవాళ్లకైతే గడ్డ పోగానే చూపు సరవుతుంది, పిల్లల్లో చిక్కు ఏమిటంటే ఏడెనిమిదేళ్ల వరకు మెదడు చూడటం నేర్చుకుంటూనే ఉంటుంది, ఒక కంటి నుంచి నెలల తరబడి మసక బొమ్మే వస్తే ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే సోమరి కన్ను అంటారు. అందుకే పెద్ద గడ్డ రెండు మూడు నెలలుగా ఉంటే చూపు పరీక్ష చేయించండి, మాటలు రాని పిల్లలకు కూడా చుక్కల మందు వేసి, లైటు సాయంతో పవర్ కొలిచే పద్ధతి ఉంది.

గడ్డ బయటివైపు ఎర్రగా పల్చబడి పచ్చిపుండులా ఉంది, ఇన్ఫెక్షనా?

పిల్లల్లో కొన్ని కలేజియన్లు చర్మం వైపు దారి చేసుకుంటాయి, చర్మం ఎర్రగా పల్చగా అయి పగిలి, పచ్చి మాంసంలా కనిపిస్తుంది. చూడటానికి ఘోరంగా ఉన్నా పిల్లకు నొప్పి, జ్వరం లేకపోతే అది గడ్డ ఖాళీ అవుతున్న లక్షణమే కావచ్చు. అయినా ఒకసారి చూపించండి, చిన్న మచ్చ మిగిలే అవకాశం ఉంది కాబట్టి డాక్టర్ చూసి ఆయింట్‌మెంటా, ఆపరేషనా చెబుతారు. గోకనివ్వకండి.

ఇది క్యాన్సర్ కాదు కదా?

చిన్నపిల్లల రెప్పలో గడ్డ క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు. రోజుల వ్యవధిలో పెరిగిపోతూ, కనుగుడ్డును ముందుకో పక్కకో నెట్టేస్తూ ఉన్న గడ్డ మాత్రం వేరే కథ, దాన్ని వెంటనే చూపించాలి. నెలలుగా ఒకే సైజులో ఉన్న, లేదా మెల్లగా తగ్గుతున్న గడ్డ గురించి రాత్రుళ్లు మేలుకోకండి.

## ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి? ఇప్పుడే తీయించేస్తే పోతుంది కదా?

పిల్లల విషయంలో డాక్టర్లు తొందరపడకపోవడానికి కారణం గడ్డ కాదు, మత్తు. పెద్దవాళ్లకు రెప్పలో చిన్న ఇంజెక్షన్ ఇచ్చి కుర్చీలోనే తీసేస్తారు, కత్తి కంటి మీదకు వస్తుంటే కదలకుండా పడుకునే రెండేళ్ల పిల్ల ఉండదు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. అందుకే చాలా నెలలు కాపడం పెట్టినా తగ్గకపోతేనో, చూపుకు అడ్డం వస్తుంటేనో, పదేపదే ఎర్రబడి బాధ పెడుతుంటేనో ఆ మాట వస్తుంది. చూడటానికి బాగాలేదనే కారణం ఒక్కటే అయితే ఇంకొన్నాళ్లు ఆగడమే నేను ఎంచుకుంటాను.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు? మొహం మీద కుట్లు పడతాయా?

సాధారణంగా రెప్పను తిప్పి లోపలి వైపు నుంచే చిన్న గాటు పెట్టి, లోపలి జిగురు పదార్థాన్ని గోకి తీసేస్తారు, కుట్లు ఉండవు, బయటికి మచ్చ కనిపించదు. గడ్డ దగ్గర పని కొద్ది నిమిషాలే, మిగతా సమయమంతా మత్తు ఇవ్వడానికీ తేరుకోవడానికీ. ముందురోజు నుంచి ఏమి తినొచ్చు, ఎప్పుడు ఆపాలి అని మత్తు డాక్టర్ చెప్పిన టైమ్‌లు కచ్చితంగా పాటించండి. మామూలుగా ఘనాహారం ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపమంటారు. పిల్ల ఏడుస్తోందని ఒక్క గుక్క పాలు పట్టినా దాచకుండా చెప్పండి, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. చాలామంది పిల్లలు అదే రోజు ఇంటికి వచ్చేస్తారు, ఒకరోజు కన్నీళ్లలో రక్తం చారలు, వారం పాటు కాస్త కమిలిన వాపు ఉండొచ్చు.

ఒకసారి తీశాక మళ్లీ రాదుగా?

అదే చోట రావొచ్చు, పక్కన ఇంకో గ్రంథిలో కూడా రావొచ్చు. ఆపరేషన్ ఆ ఒక్క గడ్డను తీసేస్తుంది, నూనె గ్రంథుల తీరును మార్చదు.

ఇంజెక్షన్‌తో కరిగిస్తారట, అది మంచిదా?

గడ్డలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది, కొందరికి బాగా పనిచేస్తుంది కూడా. కానీ చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లలో సూది పడినచోట రంగు తగ్గి తెల్లమచ్చ రావొచ్చు, పైగా చిన్నపిల్లలకు దీనికీ మత్తు కావాల్సి రావొచ్చు. మీ డాక్టర్ ఈ మాట ఎత్తితే ఈ రెండూ తప్పకుండా అడగండి.

## మళ్లీ మళ్లీ వస్తుంటే

రెండు నెలలకోసారి ఏదో ఒక రెప్పకు వస్తూనే ఉంది, ఎందుకు?

ఎక్కువసార్లు కారణం బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచులు ఎప్పుడూ కొద్దిగా వాచి ఉండటం. వెంట్రుకల మొదళ్లలో చుండ్రులాంటి పొట్టు, పొద్దున్నే అంటుకునే పుసి, తరచూ నులుముకోవడం దాని గుర్తులు. అలర్జీతో నులిమే పిల్లలకు ముందు అలర్జీని అదుపు చేయాలి. కంటి పవర్ తేడా ఉండి ఇబ్బందితో నులుముతున్నారేమో కూడా ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిది. ఇంకొకటి చాలామందికి తట్టనిది, పిల్లల్లోనూ కంటి రోసేషియా ఉంటుంది, అంటే మొహం చర్మాన్ని ఎర్రబరిచే రోసేషియా అనే జబ్బు కళ్లకు రావడం. గడ్డలు పదేపదే రావడం, కళ్లు ఎర్రగా ఉండటం, వెలుతురు భరించలేకపోవడం, ఇవన్నీ కలిసి ఉంటే, బుగ్గలు ఎర్రగా లేకపోయినా సరే డాక్టర్‌తో ఆ పేరు ప్రస్తావించండి, నిర్లక్ష్యం చేస్తే నల్లగుడ్డు దెబ్బతింటుంది. దానికి కొన్ని వారాలు నోటి మందులు కావాల్సి రావొచ్చు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పళ్లు రంగు మారతాయని డాక్సీసైక్లిన్ రకం మందులను దీర్ఘకాలం వాడరు, ఎరిత్రోమైసిన్ లేదా అజిత్రోమైసిన్ ఎంచుకుంటారు.

రెప్పలు రోజూ ఎలా శుభ్రం చేయాలి?

కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి, అందులో దూది గానీ మెత్తటి గుడ్డ గానీ ముంచి, కన్ను మూయించి వెంట్రుకల మొదళ్ల వెంట అడ్డంగా నాలుగైదుసార్లు తుడిచి, తర్వాత మామూలు నీళ్లలో ముంచిన గుడ్డతో కడిగేయండి. కళ్లు మండుతున్నా, చర్మం పొడిబారినా షాంపూ మానేసి రెప్పల కోసమే అమ్మే వైప్స్ వాడొచ్చు. పళ్లు తోమినట్టు రాత్రి ఒకసారి, మళ్లీ మళ్లీ వస్తున్న రోజుల్లో రెండుసార్లు. కంటి అంచున రాసే మేకప్ ఏదైనా సరే ఆ రోజుల్లో పూర్తిగా ఆపేయండి, అది గ్రంథుల నోళ్లను మూసేస్తుంది.

ఫోన్ ఎక్కువ చూడటం వల్లే వస్తోందా?

ఫోన్ నేరుగా కురుపు తెప్పించదు. రెప్ప వాల్చకుండా చూస్తే కళ్లు పొడిబారి, అలసి, పిల్లలు చేతులతో నులుముతారు, దారి అక్కడి నుంచి ఉండొచ్చు. పిల్లలు నులమడం ఎప్పుడు ఎక్కువ చేస్తున్నారో రెండు రోజులు గమనించండి, మా ఇంట్లో అది నిద్ర ముంచుకొచ్చే సాయంత్రం వేళ, అందుకే ఆ టైమ్‌కి ముందే చేతులు కడిగించడం అలవాటు చేశాం, గోళ్లు పొట్టిగా ఉంచాం.

ఇన్నిసార్లు వచ్చింది, షుగర్ టెస్ట్ చేయించాలా?

కురుపు ఒక్కటే కారణంగా అయితే పిల్లలకు మామూలుగా అక్కర్లేదు. దానితో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం లాంటివి ఉంటే మాత్రం అదే రోజు టెస్ట్ చేయించండి. ఒంటి మీద ఇతర చోట్ల కూడా చీముగడ్డలు వస్తూ ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, అప్పుడు ఇంట్లో అందరి ముక్కుల్లోనూ ఆ బాక్టీరియా ఉందేమో చూసి అందరికీ కలిపి మందు ఇస్తారు.